సగం ఖర్చు అడిగితే ముందు కొటేషన్ విడదీయండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కింటికీ మాకూ ఒకటే గోడ. వాళ్ల బాత్రూమ్ పైపు కారి గోడకు నెమ్ము ఎక్కి, మా గదిలో పెచ్చులూడుతున్నాయి. తాపీమేస్త్రి 72,000 అన్నాడట, సగం నన్ను ఇమ్మంటున్నారు. 2 లక్షల ఎఫ్‌డీ ఉంది, గడువు ఇంకా ఏడు నెలలు. అది తీసి ఇచ్చేయనా, కోర్టుకు వెళ్లనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: రెండూ వద్దమ్మా. ముందు ఆ 72,000 దేనికో రాయించుకోండి. ఉదాహరణకు పైపులకు 14,000, వాళ్ల బాత్రూమ్ టైల్స్‌కు 22,000, గోడకు 36,000 అనుకుందాం. మొదటి రెండింటితో మీకు సంబంధం లేదు. గోడలో సగమంటే 18,000. కారణం వాళ్ల పైపే అని తేలితే అదీ మీరు మోయాల్సిన పని లేదు. అయితే మీ డాబా మీది వాన నీళ్లు కూడా ఆ గోడలోకే దిగుతున్నాయేమో చూసుకోండి. చాలా ఇళ్లలో తప్పు రెండు వైపులా ఉంటుంది. ఇద్దరికీ చుట్టం కాని ఇంజనీరుకు చూపించి, తేదీతో ఫొటోలు తీయండి. కారడం ఆగి గోడ ఆరాకే ప్లాస్టరింగ్. లేకపోతే వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే ఖర్చు.

ఎంతో కొంత ఇవ్వాల్సి వచ్చినా ఎఫ్‌డీ తీయకండి. మధ్యలో తీస్తే వడ్డీ తగ్గిస్తారు, చాలా బ్యాంకులు పెనాల్టీ కూడా వేస్తాయి. దాని మీదే లోన్ తీసుకోండి. 20,000కు 8 శాతం చొప్పున చూసినా ఏడు నెలల వడ్డీ 950 దాటదు.

ఇంటి బీమా ఉందా? తుఫానుకో వరదకో గోడ పడితే సాధారణంగా వర్తిస్తుంది. నెలల తరబడి కారిన పైపుకు మాత్రం ఆశ పెట్టుకోకండి.

మాటలతో తేలకపోతే మీ ఊళ్లోనే ఉన్న గజపతి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఆ రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. కాగితం ఒడియాలో ఉంటే చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

ఇంట్లో మాట్లాడుకునే తేల్చుకున్నా సరే, ఎవరి వాటా ఎంతో రాసుకుని, మీ వాటా డబ్బు మేస్త్రికే నేరుగా ఇచ్చి రసీదు తీసుకోండి.