ఏడుపు ఆగకపోతే బాబును పడుకోబెట్టి బయటికి రండి

ప్రశ్న: మా బాబుకి ఆరు వారాలు. సాయంత్రమైతే చాలు, రెండు మూడు గంటలు గుక్కపట్టి ఏడుస్తాడు. పాలు పట్టినా, ఎత్తుకు తిప్పినా ఊరుకోడు. మొన్న రాత్రి వాడి భుజాలు పట్టుకుని కుదిపేయబోయి ఆగిపోయాను. నన్ను చూస్తే నాకే భయమేస్తోంది.

జవాబు: మీరు ఆగారు, బాబు క్షేమంగా ఉన్నాడు. మళ్లీ అంత కోపం వస్తే ఏం చేయాలో మాత్రం ఇప్పుడే అనుకుని పెట్టుకోండి.

పిల్లల ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ రెండో నెలలో బాగా ఎక్కువవుతుంది. మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఏ జబ్బూ లేని పిల్లలూ ఇలాగే, అదీ సాయంత్రాల్లోనే, ఏడుస్తారు. మీ పెంపకంలో లోపమేమీ లేదు.

పసివాడి తల ఒంటి సైజుతో పోలిస్తే బరువెక్కువ, మెడ ఇంకా నిలవదు. కుదిపితే తల ముందుకూ వెనక్కూ కొట్టుకుని, మెదడు మీది సన్నని రక్తనాళాలు తెగుతాయి. మెదడు చుట్టూ, కంటి వెనకుండే రెటీనా పొరలో నెత్తురు చేరుతుంది. కొన్ని సెకన్లు చాలు, చూపు పోవచ్చు, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. కుదపగానే ఏడుపు ఆగిందంటే బిడ్డ ఊరుకున్నాడని కాదు, దెబ్బతిన్న మెదడు మగతలోకి జారి ఉండొచ్చు. (ఒళ్లో పెట్టుకుని మెల్లగా ఊపడం, జోకొట్టడం వల్ల ఇలా జరగదు, భయపడకండి.)

ఏడుపు మొదలవగానే ఆకలి, డైపరు, ఉక్క చూసుకోండి. సాక్సు కూడా విప్పండి. కాలివేలికి ఒక్క వెంట్రుక చుట్టుకుని బిగిసినా వేలు ఎర్రగా ఉబ్బుతుంది, బిడ్డ గుక్క తిప్పుకోడు. అలా కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అన్నీ చూసినా ఏడుస్తూనే ఉంటే, మీ పళ్లు బిగుసుకుంటుంటే, దిండ్లూ దుప్పట్లూ లేని ఉయ్యాల మంచంలో వాడిని వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు వేసి పక్క గదిలోకి వెళ్లండి. ముఖం కడుక్కోండి, ఎవరికైనా ఫోన్ చేయండి. ఐదు పది నిమిషాలకోసారి తొంగిచూస్తే చాలు. కోపం దిగాకే ఎత్తుకోండి. ఆ పది నిమిషాల ఏడుపు వాడికేమీ చేయదు. బాబును ఎవరికి అప్పగించినా ఇదంతా వాళ్లకూ చెప్పండి. రాత్రుళ్లు మీరూ మీ భార్యా వంతులేసుకోండి. సోఫాలో బిడ్డను పట్టుకుని మాత్రం నిద్రపోకండి. ఆ కోపం మళ్లీ మళ్లీ వస్తుంటే మీ కోసం కూడా డాక్టరును కలవండి.

మూడు నెలల లోపు పిల్లలకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా, మాడు ఉబ్బినా, లేపినా లేవకపోయినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎప్పుడైనా ఎవరైనా కుదిపి ఉంటే ఆ మాట దాచకండి. కుదపడం వల్ల వాంతులవుతున్నా, వాంతులని మాత్రమే చెబితే డాక్టరు కడుపు జబ్బనుకుని మందిచ్చి పంపేయొచ్చు.