త్వేర్ వెళ్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ఫిబ్రవరిలో మీరిద్దరూ రష్యాలోని త్వేర్ వెళ్తున్నారని అమ్మ చెప్పింది. ఎంత సంతోషమనిపించిందో! మా పెద్దాడు అక్కడే మెడిసిన్ చదివాడు కదా, ఆ ఊరి సంగతులు నాకు కొంత తెలుసు. ఒక్కమాట గట్టిగా చెప్తున్నా. అక్కడ చదువుతున్న మేనకోడలికి పొద్దంతా క్లాసులు, హాస్పిటల్ డ్యూటీలు. ప్రతి చిన్నదానికీ దాన్ని పిలవకుండా మీ పనులు మీరే చూసుకునేలా వెళ్లండి. అప్పుడే సాయంత్రం అది మీ దగ్గర స్థిమితంగా కూర్చుంటుంది.

ముందు డబ్బు సంగతి. మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయవు. డాలర్లో యూరోలో పట్టుకెళ్లండి. మరకా, చిరుగూ, పెన్ను గీతా లేని నోట్లే తీసుకోండి. మార్చుకునేది బ్యాంకులోనే. రైలు టికెట్లు మాత్రం ముందే మేనకోడలితో కొనిపించు, పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మాస్కోలో లెనిన్‌గ్రాద్‌స్కీ స్టేషన్ నుంచి లాస్తొచ్కా రైలెక్కితే రెండు గంటల్లోపే త్వేర్. డ్రోన్ల భయంతో అక్కడి విమానాశ్రయాలు అప్పుడప్పుడు కాసేపు మూసేస్తున్నారు, అందుకని విమానానికీ రైలుకీ మధ్య బాగా వ్యవధి ఉంచుకో. స్టేషన్లకి, వంతెనలకి, సైనికులకి ఫొటోలు తీయొద్దు.

దిగగానే మైగ్రేషన్ కార్డని చిన్న కాగితం ఇస్తారు. తిరిగొచ్చేటప్పుడు అది అడుగుతారు, పాస్‌పోర్టులోనే పెట్టుకో. మీరు ఎక్కడ ఉంటున్నారో ఏడు పనిదినాల్లో రిజిస్టర్ కావాలి. హోటలైతే వాళ్లే చేస్తారు. అద్దె ఫ్లాటైతే ఆ పని ఓనరు చేయాలి. చేయనన్నాడంటే ఎంత చవకైనా ఆ ఇల్లు వద్దు. హోటల్ అడ్రసు రష్యన్‌లో కాగితం మీద రాయించుకుని జేబులో ఉంచుకో. మొబైల్ ఇంటర్నెట్ ఆగిపోయే రోజులుంటాయి, వాట్సాప్ కూడా పనిచేస్తుందని నమ్మలేం. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకో. వాళ్ల అక్షరాలు కొన్నయినా నేర్చుకో. ఇంగ్లీషు పి లా కనిపించేది ర, సి లా ఉండేది స, హెచ్ లా ఉండేది న, బి లా ఉండేది వ. ఈ నాలుగూ వస్తే సగం బోర్డులు కూడబలుక్కోవచ్చు.

చలికి ఒక్క లావుపాటి స్వెట్టరు సరిపోతుందనుకోకు. బయట మైనస్ పది, లోపల హీటర్ల వేడికి చెమటలు. పలచటి బట్టలు రెండు మూడు పొరలు, పైన ఒక మంచి కోటు. మరదలికి చెప్పు, చీర కుచ్చిళ్లు మంచు బురదలో తడిసిపోతాయి, థర్మల్స్, ప్యాంటే మేలు. గడ్డకట్టిన ఫుట్‌పాత్ మీద చిన్న చిన్న అడుగులు, పాదమంతా ఆనించి వేయాలి. ఇళ్ల పైకప్పుల అంచుల కింద నడవొద్దు, మంచు కడ్డీలు విరిగి పడతాయి. మ్యూజియంలో కోటు గర్దెరోబ్‌లో, అంటే కోట్లు దాచే కౌంటర్లో, ఇచ్చి టోకెన్ తీసుకోవాలి.

తిండికి స్తలోవయాలు, అంటే మన మెస్సుల్లాంటివి, బాగుంటాయి. మరదలు మాంసం తినదు కాబట్టి "బెజ్ మ్యాసా", అంటే మాంసం లేకుండా, అని అడగమను. సూప్‌లు మాత్రం వద్దు, కూరగాయలవైనా తరచు మాంసం ఉడికించిన నీళ్లతోనే చేస్తారు. గ్రెచ్కా అనే ఉడికించిన గింజలు, పిరష్కీలనే బంగాళాదుంప కూరిన బన్నులు, మజ్జిగలాంటి కెఫీర్ ఉంటే రోజు గడుస్తుంది. కుళాయి నీళ్లు కాచుకుని తాగండి. బీపీ మాత్రలకు డాక్టరు చీటీ పెట్టుకో. కోడీన్ ఉన్న దగ్గుమందు అస్సలు తీసుకెళ్లొద్దు, అక్కడ చిక్కుల్లో పడతారు.

ఒక మధ్యాహ్నం వోల్గా ఒడ్డుకి తప్పకుండా వెళ్లండి. అక్కడ అఫనాసీ నికితిన్ విగ్రహం ఉంది, 1955లో పెట్టారు. త్వేర్ నుంచి బయల్దేరిన ఈ వర్తకుడు 1470ల్లో బీదర్ చేరాడు, అమ్ముదామని వెంట గుర్రాన్ని తెచ్చుకున్నాడు. శివరాత్రికి జనంతో కలిసి "పర్వత్" క్షేత్రానికి వెళ్లానని రాసుకున్నాడు. అది మన శ్రీశైలమేనని పండితులు చెప్తారు. తిరుగు ప్రయాణంలో ఊరు చేరకముందే స్మోలెన్స్క్ దగ్గర పోయాడు పాపం. మన మల్లన్న తిరునాళ్లు చూసినవాడి ఊళ్లో మన పిల్ల చదువుతోందంటే నాకెందుకో ధైర్యంగా ఉంటుంది. నది గడ్డకట్టి ఉంటుంది, జాలర్లు దాని మీద కూర్చుని గాలాలు వేస్తుంటారు. వాళ్లని చూసి మీరు దిగొద్దు.

మేనకోడలికి కందిపప్పు, చింతపండు, ఇంగువ ఎక్కువగా పట్టుకెళ్లండి. టికెట్లయ్యాక తేదీలు చెప్పు. పెద్దాడి మంచు బూట్లు ఇక్కడే ఉన్నాయి, నీకు సరిపోతాయి, పంపిస్తాను.

మీ అక్క