సంచుల్లో పచ్చబూజు, పుట్టగొడుగులకు కాడలే పొడుగు

ప్రశ్న: సంక్రాంతి తర్వాత ఇంటి వెనక గదిలో ముత్యపుచిప్ప పుట్టగొడుగుల పెంపకం మొదలుపెట్టాను. వరిగడ్డి రాత్రంతా నానబెట్టి, పొద్దున పైనుంచి మరిగే నీళ్లు పోసి 6 సంచులు నింపాను. నాలుగింటికి పచ్చబూజు పట్టింది, పుల్లటి వాసన. మిగతా రెండింట్లో కాడలు జానెడు, గొడుగులు రూపాయి బిళ్లంత. నాకిచ్చిన విత్తనం మంచిది కాదా?
– మహిళా రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: విత్తనాన్ని అనకండమ్మా. అదే విత్తనంతో రెండు సంచులు తెల్లగా అల్లుకుని కాపు కూడా ఇచ్చాయంటే అందులో ప్రాణం ఉన్నట్టే. లోపం గడ్డి దగ్గర జరిగింది.

ముందు ఆ నాలుగు సంచుల మూతి విప్పకుండా బయటికి తీసుకెళ్లి, గదికి దూరంగా గుంటలో పూడ్చేయండి. బాగున్న భాగం ఏరుకుందామని గదిలోనే విప్పారో, ఆ పచ్చటి పొడి లేచి మిగతా రెండింటి మీద పడుతుంది.

పచ్చబూజు బీజాలు గడ్డిలోనే ఉంటాయి. పైనుంచి నీళ్లు పోస్తే పైగడ్డి ఉడుకుతుంది, నడుమ గడ్డి గోరువెచ్చగా మిగులుతుంది. ఈసారి రెండంగుళాల ముక్కలుగా కత్తిరించి నానబెట్టిన గడ్డిని గోనెసంచిలో కూరి, వేడినీళ్ల డ్రమ్ములో పూర్తిగా మునిగేలా పైన రాయి పెట్టండి. 80 డిగ్రీల వేడిలో గంటసేపు ఉండాలి. నీళ్లు తెర్లకుండా, అంచున బుడగలు లేస్తూ ఆవిరి బాగా వస్తుంటే ఆ వేడి ఉన్నట్టే. ఫార్మాలిన్, కార్బెండాజిమ్ కలిపిన నీళ్లలో నానబెట్టే పద్ధతి కూడా ఉంది. కానీ పది సంచుల లోపు పెంచేవాళ్లకు, అందులోనూ ఇంట్లో వండుకునేవాళ్లకు, ఆ మందుల జోలికి పోవద్దనే చెబుతాను.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఆ తర్వాత, ఆరబెట్టడంలో. వేడినీళ్లలోంచి తీసిన గడ్డిని నీడలో శుభ్రమైన పట్టా మీద పరవండి. కాసేపటికి పిడికెడు తీసి గట్టిగా పిండండి. చుక్కలు కారితే ఇంకా ఆరాలి. అరచేయి తడి అయి, చుక్క రాలకపోతే సరిపోయింది. శిక్షణకు వచ్చినవాళ్లకు కూడా నేను మొదట చేయించేది ఇదే. మీ సంచుల్లో పుల్లటి వాసన వచ్చిందంటే అడుగున నీళ్లు నిలిచాయన్నమాట. గడ్డి నడుమ చెయ్యిపెట్టి చూసి, పూర్తిగా చల్లారాకే విత్తనం వేయండి. వేడికి విత్తనం చస్తుంది. కిలో ఎండుగడ్డికి 100 గ్రాముల విత్తనం, పొరలు పొరలుగా, సంచి అంచుల వెంట కాస్త ఎక్కువగా చల్లాలి. సంచికి చిన్న రంధ్రాలు పెట్టి 15–20 రోజులు చీకట్లో ఉంచాలి.

ఇక పొడుగు కాడల సంగతి. తేమ పోతుందని గది తలుపులన్నీ మూసేసి ఉంటారు. పుట్టగొడుగులు వదిలిన బొగ్గుపులుసు వాయువు గదిలోనే నిలిచిపోతే కాడ సాగుతుంది, గొడుగు విచ్చుకోదు. వెలుతురు చాలకపోయినా అంతే. గదిలో పేపరు చదవగలిగే వెలుగు ఉండాలి. పొద్దున, సాయంత్రం అరగంట కిటికీలు తెరవండి, ఈగలు రాకుండా దోమల జాలీ బిగించండి. తేమ కోసం తడి గోనెపట్టాలు వేలాడదీసి, గోడల మీద, నేల మీద నీళ్లు చిలకరించండి. ఇప్పుడున్న పొడుగు కాడలను మొదలంటా తీసేయండి. వాడిపోకుండా ఉంటే కూరకు పనికొస్తాయి. వారం, పది రోజుల్లో రెండో కాపు వస్తుంది, గాలి తగిలితే అది సరిగానే విచ్చుకుంటుంది. గొడుగు అంచులు పైకి ముడుచుకోకముందే కోయండి. ఆలస్యమైతే బీజాల పొడి రాలుతుంది, మూసిన గదిలో దాన్ని పీలిస్తే దగ్గు పట్టుకుంటుంది.

కిలో ఎండుగడ్డికి అన్ని కాపులూ కలిపి 500–700 గ్రాములు వచ్చినా మొదటిసారికి మంచి దిగుబడే. వీడియోల్లో చెప్పే లక్షల లెక్కలు పక్కన పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే కోసిన మర్నాటికే మెత్తబడతాయి, కాబట్టి కొనేవాళ్లను చూసుకున్నాకే సంచులు పెంచండి.

మరో మాట. మార్చి దాటితే మీ వైపు ఎండలకు ముత్యపుచిప్ప నిలవదు. అప్పుడు 30–35 డిగ్రీలు తట్టుకునే పాల పుట్టగొడుగులకు మారండి. గడ్డి తయారీ ఇదే. సంచి తెల్లబడ్డాక మాత్రం పైన 2 సెంటీమీటర్ల మందాన, ఆవిరి పట్టి చల్లార్చిన మట్టి కప్పాలి. మొదటిసారి రెండు సంచులు చాలు.