బిల్లు రాసే కుర్రోడికీ అందులో వాటా ఉండాలి

ప్రశ్న: నమస్తే మేడం. విశాఖ డాబాగార్డెన్స్‌లో నేనూ మా బావమరిదీ కలిసి ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాం, నలుగురు కుర్రోళ్ళున్నారు. ఇల్లు కట్టుకునేవాళ్ళు రాగానే "బిల్లు లేకుండా ఎంతకిస్తారు" అంటారు, మావాడేమో ఇచ్చేద్దాం బావా, దొరికినప్పుడు చూద్దాంలే అంటాడు. ఇంకోటి, నెల అమ్మకం మీద ఇన్సెంటివ్ నలుగురికీ సమానంగా పంచుతున్నాం, ఇద్దరు కష్టపడతారు, ఇద్దరు ఫోన్ చూస్కుంటారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ బావమరిది గారి లెక్క పాతదేనండీ, 1972లోనే అల్లింగ్‌హామ్, శాండ్‌మో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని కాగితం మీద పెట్టారు. పదివేల వైరుకి 18 శాతం జీఎస్టీ అంటే 1800 పన్ను. వందలో ఐదుసార్లు దొరుకుతాం, దొరికితే పెనాల్టీతో కలిపి 3600 అవుద్ది అనుకుందాం (ఊరికే ఉదాహరణకి), సగటున పడేది 180. ఈ లెక్కన ఎవరూ పన్ను కట్టకూడదు, కానీ కడుతున్నారు కదా.

ఎందుకంటే చాలాచోట్ల మన లెక్క ఇంకొకడి దగ్గర కూడా ఉంటుంది. జీతగాళ్ళనే చూడండి, వాళ్ళ టీడీఎస్ కంపెనీ ముందే కోసేస్తుంది, దాయడానికేం మిగల్దు. డెన్మార్క్‌లో వేలమంది రిటర్నులు తనిఖీ చేసి 2011లో ఫలితాలు అచ్చేశారు, యజమానో బ్యాంకో ముందే చెప్పేసిన ఆదాయంలో ఎగవేత దాదాపు లేదు, ఎవరికి వారు చెప్పుకునే ఆదాయంలోనే ఎక్కువ. మీ కౌంటర్ దగ్గరా అంతే, పరవాడ కంపెనీల పనులు చేసే కాంట్రాక్టరు బిల్లు ఇచ్చేదాకా కదలడు, మీరు రిటర్నులో చూపిస్తేనే అతనికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) వస్తుంది మరి. ఇల్లు కట్టుకునేవాడికి ఆ అవసరం లేదు. అంటే మీ చిల్లర బేరాన్ని చూసేవాడూ, చూస్తే లాభం ఉన్నవాడూ ఎవడూ లేడు.

ఇప్పుడు కుర్రోళ్ళ సంగతి. ఒకడు కష్టపడి వంద రూపాయల ఇన్సెంటివ్ తెస్తే వాడికి దక్కేది పాతికే, ఇంక ఎందుకు ఒళ్ళు వంచుతాడు? ఆర్థికవేత్త హోల్మ్‌స్ట్రామ్ 1982లో రాసింది ఇదే, వచ్చిందంతా జట్టులో సభ్యులే పంచుకుంటే ఎవడికీ తన కష్టం పూర్తిగా ముట్టదు. (2016లో ఆయనకి నోబెల్ వచ్చింది.) మరి ఫిషింగ్ హార్బర్‌లో వాటా పద్ధతి ఎలా నడుస్తోంది అంటారా, డీజిలు, ఐసు ఖర్చు తీసేసి మిగిలింది పంచుకుంటారు కదా, కానీ ఏడెనిమిది మంది వారం పది రోజులు ఒకే బోటు మీద ఉంటే వల లాగనివాడు ఎవడో అందరికీ తెలుస్తుంది, తర్వాత వేటకి వాణ్ణి పిలవరు. మీ షాపులో వెనక గొడౌన్‌లో ఎవడు ఫోన్ చూస్తున్నాడో మీకే కనబడదు.

నా సలహా: సగం ఇన్సెంటివ్ షాపు మొత్తం మీద, సగం ఎవడి బిల్లులకి వాడికి. రెండూ బిల్లు రాసిన అమ్మకం మీదే లెక్కెయ్యండి. అప్పుడు "బిల్లొద్దు" అనే కస్టమర్‌తో మీకన్నా ముందు మీ కుర్రోడే వాదిస్తాడు, మీ బావమరిదికీ పక్కదారి అంత సుళువుగా ఉండదు.

ఒక్క జాగ్రత్త. పాకిస్తాన్ పంజాబ్‌లో ఇంటి పన్ను వసూలు చేసే బృందాలకి, అంటే ఇన్‌స్పెక్టరు, క్లర్కు, కానిస్టేబులు, వసూలుని బట్టి ప్రోత్సాహకం ఇచ్చి చూస్తే రాబడి పెరుగుదల 46 శాతం ఎక్కువొచ్చింది. కానీ పన్ను పెరిగింది కొద్ది ఇళ్ళకే, చాలామందికి పెరిగింది లంచం! మీ కుర్రోళ్ళూ అమ్మకం చూపించడానికి అడిగినవాడికల్లా అరువిచ్చేస్తారు. డబ్బు చేతికొచ్చాకే ఇన్సెంటివ్ లెక్కెయ్యండి.

ప్రశ్న: ఏప్రిల్‌లోనే జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) ఇంటి పన్ను ఏడాదిది మొత్తం కట్టేస్తాం. 2025 మార్చిలో బకాయిలోళ్ళకి వడ్డీలో సగం మాఫీ చేశారు. ముందు కట్టినోళ్ళం పిచ్చోళ్ళమా? (మధురవాడ)

జవాబు: కోపం రావడంలో తప్పులేదు, మాఫీ ఒకసారి ఇస్తే వచ్చే ఏడు ఇంకొందరు దానికోసమే ఆగుతారు. కానీ వాళ్ళు కట్టింది మిగతా సగం వడ్డీతో కలిపి, మీరు కట్టింది 5 శాతం తగ్గింపుతో. రెండు విడతలుగా కట్టాల్సింది కొన్ని నెలలు ముందు కట్టినందుకే ఆ 5 శాతం, అన్ని నెలలకి ఏ బ్యాంకు ఎఫ్‌డీ అంత ఇస్తుంది చెప్పండి?