కుర్చీలు వేయకు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వింటేనే తెలిసింది, టెన్షన్ పడుతున్నావని. సర్పంచువయ్యాక మొదటిసారి ఊరిని కూర్చోబెడుతున్నావు. వినాయక చవితి, దవాఖాన, తాగునీళ్లు అన్నీ ఒక్క పూటలో మాట్లాడదామంటున్నావు. అది మానుకో. నాలుగు సంగతులు పెడితే నాలుగోది వచ్చేసరికి నువ్వూ మైకూ మిగులుతారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాల్సిందేగా, మిగతావి అప్పుడు తియ్యి.

ఏఎన్‌ఎం నర్సుగా మన నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి ఊళ్లు తిరిగినదాన్ని. మీటింగును ముందు చెడగొట్టేది కుర్చీలు. ఇరవై వేస్తే ఇరవై మంది పెద్దమనుషులు కూర్చుంటారు, ఆడవాళ్లు గోడకు ఆనుకొని నిలబడి, కాళ్లు గుంజి ఇంటికి పోతారు. జంపఖానాలు పరిచి అందరినీ కిందే కూర్చోమను. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో మోకాళ్లు, నడుము పట్టేసినవాళ్లకే కుర్చీ. టైము రాత్రి ఏడున్నర పెట్టు. కలుపుకు పోయినవాళ్లు ఇల్లు చేరి, వండి దించేసరికి అంతవుతుంది.

నా మొదటి మీటింగు ఎట్లా మునిగిందో చెప్తా. మన జిల్లా పేరు పెట్టుకున్న నల్లగొండ పద్ధతి ఉంది చూడు, ఫ్లోరైడ్ తగ్గడానికి నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పి, తేరుకున్నాక పైనీళ్లు వంచుకోవడం. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని చార్టు పెట్టి గంటసేపు చెప్పాను. అందరూ తలలూపారు. వెనక నుంచి ఒక ముసలమ్మ, "రోజూ ఎవరు కలపాలె బిడ్డా? పటిక పైసలు ఎవరియ్యాలె?" అంది. నా నోట మాట రాలేదు. మళ్లీ నెల పోయి చూస్తే నేను కలిపి చూపించిన బకెట్‌లో బట్టలు నానబెట్టారు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా తర్వాత ఏ మీటింగుకూ పోలేదు.

ఇంకోటి, లెక్క చెప్పి అడగాలి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఏం కావాలని అడిగితే దళితులు ఉత్తగా భూమి కావాలనలేదు, 80 ఎకరాలన్నారు. భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఇస్తానన్నాడు. నువ్వూ "దవాఖాన బాగుపడాలి" అని తీర్మానం రాయకు. బీపీ, షుగరు గోలీలు సబ్ సెంటర్లో వారానికి ఏ రోజు ఇవ్వాలో రాయి. ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెరిగిందని అందరికీ తెలుసు, ఏ కాగితాలు పట్టుకొని ఎక్కడికి పోవాలో తెలియదు. అది ఆశా వర్కరుతో చెప్పించు.

పండుగ సంగతి మాత్రం మీటింగులో తేల్చకు. ముందు రోజే మండపం పిల్లల దగ్గరకు, మసీదు పెద్దల దగ్గరకు విడివిడిగా పో. నలుగురి ముందు ఎవరూ మెట్టు దిగరు, అరుగు మీద చాయ్ తాగుతూ దిగుతారు. 2023లో నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబరు 28నే వస్తే, హైదరాబాదులో ముస్లిం పెద్దలు ముందే మాట్లాడుకొని తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. ఏ దారిన పోవాలి, డీజే ఎన్నింటికి ఆగాలి, ఎవరు పూచీ, ఈ మూడూ తేలితే చాలు. మన పీర్ల పండుగకు పీరు ఎత్తేవాళ్లలో హిందువులు ఎందరో అందరికీ తెలుసు, దాని మీద స్పీచు ఇవ్వకు.

సర్పంచు ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవు గానీ ఎవరిది ఏ పార్టీయో చాయ్ హోటలుకు తెలుసు. కండువాలు ఇంట్లో పెట్టి రమ్మని చాటింపులోనే చెప్పించు. అయినా ఒకాయన వేసుకొనే వస్తాడు. కొట్లాడకు, జంపఖానాలు పరిచే పని ఆయనకే అప్పజెప్పు.

రిజిస్టరులో ఖాళీ పేజీ మీద సంతకాలు తీసుకోకు. రాసి, గట్టిగా చదివి, అప్పుడు వేలిముద్రలు. చాయ్ ఆ తర్వాతే, ముందిస్తే తాగి లేచిపోతారు.

స్కూలు జంపఖానాలు ఎలుకలు కొట్టాయన్నావుగా. నా దగ్గర రెండున్నాయి, శనివారం మధ్యాహ్నం బస్సుకు తెస్తున్నా. స్టేజీ దగ్గరకు ఎవరినైనా పంపు, నేను మోయలేను.

నీ పెద్దమ్మ