ప్రతి ఆదివారం ట్యాంక్ మొత్తం కడుగుతున్నా గోల్డ్‌ఫిష్‌లు చనిపోతున్నాయి, ఏ మందు వేయాలి?

రెండడుగుల ట్యాంకు, అందులో ఇప్పుడు రెండు గోల్డ్‌ఫిష్‌లు, ప్రతి ఆదివారం నీళ్ళన్నీ తోడేసి రాళ్ళూ ఫిల్టరూ కొళాయి కింద పెట్టి తళతళలాడేలా కడుగుతున్నాను, అయినా రెండు నెలల్లో మూడు పోయాయి, ఏ మందు వేస్తే నిలుస్తాయి అని అడిగారు. మందు సంగతి తర్వాత, ముందు ఆ కడగడం ఆపండి. మీ చేపలకి రోగం ఏమీ వచ్చి ఉండదు, ఆ ఆదివారం స్నానమే వాటి ప్రాణం మీదకి తెస్తోంది. ట్యాంకు చూడకుండా ఎలా చెప్తావు అంటారేమో, నేనూ ఇదే పని చేసి ఒకదాన్ని చేతులారా చంపుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

మా అమ్మాయి కోసం అని చెప్పి తెచ్చాను గానీ నిజానికి సరదా నాదే. ఒకటి ఒరాండా, నెత్తి మీద ఎర్రటి ముద్ద ఉంటుందే అది, ఇంకోటి ఫ్యాన్‌టెయిల్. మీలాగే రెండడుగుల ట్యాంకు. మొదటి నాలుగు నెలలు రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి, ఎందుకంటే నాకు బద్ధకం. వారానికోసారి రెండు బకెట్లు తీసి రెండు బకెట్లు పోసేవాణ్ణి, అంతే. అద్దానికి పచ్చటి పాచి, రాళ్ళ మధ్య గోధుమ రంగు నుసి, ఫిల్టర్ స్పాంజ్ అయితే పట్టుకుంటే చేతికి బురద. ఒకసారి ఇంటికి చుట్టాలు వస్తున్నారని హడావిడి మొదలైంది, ఇల్లంతా సర్ది నా కళ్ళు ట్యాంకు మీద పడ్డాయి. చేపల్ని బకెట్లోకి మార్చి, రాళ్ళన్నీ నాలుగైదు సార్లు కడిగి, స్పాంజ్‌ని కొళాయి కింద పిండి పిండి, పిండితే తెల్లటి నీళ్ళు వచ్చేదాకా వదల్లేదు, పైగా ఎండలో ఆరేశాను. రెండు గంటల పని. సాయంత్రానికి ట్యాంకు అద్దంలా ఉంది, చుట్టాలు కూడా మెచ్చుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు.

మూడో రోజు పొద్దున చూస్తే ఒరాండా నీళ్ళ పైకొచ్చి నోరు బయటపెట్టి గుటకలు వేస్తోంది. ఫ్యాన్‌టెయిల్ ఒక మూల అడుగున రెక్కలన్నీ ఒంటికి అంటించుకుని కూర్చుంది. తోక మీద సన్నగా ఎర్రటి గీతలు, వెంట్రుకల్లాగా. నీళ్ళు కొంచెం పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. నేను పరుగెత్తుకుంటూ చేపలు అమ్మే అతని దగ్గరికి వెళ్ళాను. అతను నా మాట సగం విని ఒక నీలం మందు సీసా చేతిలో పెట్టి, ఇది వేసి మూడు రోజులు నీళ్ళు మార్చకు అన్నాడు. ఇలాంటి వాళ్ళందరికీ ఒకటే రోగం తెలుసు, ఒకటే సీసా తెలుసు. ట్యాంకు ఎప్పుడు కడిగావు, ఎలా కడిగావు అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది. అడగలేదు. అతన్ని అనడం ఎందుకులెండి, నేనూ చెప్పలేదు, కడగడం కూడా చెప్పుకోవాల్సిన తప్పా అనుకున్నా.

ఐదో రోజు ఫ్యాన్‌టెయిల్ పోయింది. మా అమ్మాయి ఏడవలేదు గానీ, నాన్నా నీళ్ళు ఇంత శుభ్రంగా ఉన్నాయి కదా మరి ఎందుకు చచ్చిపోయింది అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆఫీసులో ఒకతనికి చేపల పిచ్చి ఉందని తెలిసి బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. నీలం నీళ్ళు చూసి తల పట్టుకున్నాడు. అమ్మోనియా టెస్ట్ కిట్ తెచ్చాడు కానీ, ఈ నీలంలో టెస్ట్ చేస్తే ఏ రంగొచ్చినా నమ్మలేం అని సగం నీళ్ళు తీసేయించి, ఫిల్టర్లో మందుని పీల్చేసే కార్బన్ సంచి పెట్టి మర్నాడు మళ్ళీ వచ్చాడు. చిన్న గాజు గొట్టంలో కొంచెం ట్యాంకు నీళ్ళు పోసి, మందు చుక్కలు లెక్కపెట్టి వేసి, ఊపి, ఐదు నిమిషాలు ఆగాలన్నాడు. పసుపుగా ఉండిపోతే అమ్మోనియా లేనట్టు. నేను వాచీ చూస్తున్నా, మూడో నిమిషానికే ఆకుపచ్చ, ఐదయ్యేసరికి ముదురాకు రంగు. సగం నీళ్ళు మార్చాక కూడా అంతుంటే ముందురోజు ఎంతుండి ఉంటుందో. కంటికి మాత్రం ఆ నీళ్ళు తాగేలా ఉన్నాయి!

అప్పుడు చెప్పాడు అసలు కథ. చేప మలం వల్లే నీళ్ళు పాడవుతాయని మనం అనుకుంటాం కానీ దాని ఒంట్లోంచి అమ్మోనియా ఎక్కువగా పోయేది మొప్పల్లోంచి, అంటే ఊపిరి తీసినంతసేపూ వదులుతూనే ఉంటుంది. ఆ విషాన్ని తినే బాక్టీరియా ఆ స్పాంజ్ బురదలో, రాళ్ళ మీద కాపురం ఉంటాయి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, నైట్రేట్ మరీ పేరుకుపోతే తప్ప పెద్దగా హాని చేయదు, వారానికోసారి కొన్ని నీళ్ళు మారిస్తే పోతుంది. ఈ బాక్టీరియా కొత్త ట్యాంకులో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉన్నదే బాక్టీరియాని చంపడానికి. నేను ఆ నీళ్ళలో కడగడమే కాక ఎండబెట్టాను కూడా. పైగా ఆ నీలం మందు మిగిలిన నాలుగింటిని కూడా ఊడ్చేసింది. ఇప్పుడు మీరే ఆలోచించండి, ఈ నాలుగు నుంచి ఆరు వారాల పనిని మీరు ప్రతి ఏడో రోజూ మొదటికి తెస్తున్నారు.

ఒరాండా మాత్రం బతికింది. ఆ స్నేహితుడు తన పాత ఫిల్టర్ స్పాంజ్‌లోంచి ఒక ముక్క కోసి తెచ్చి నా ఫిల్టర్లో కుక్కాడు, నల్లగా జిగటగా ఉంది, ఇంత మురికిని ఎవరైనా అప్పు తీసుకుంటారా అనిపించింది. మూడు వారాలు రోజూ మూడోవంతు నీళ్ళు మార్చాను, మేత రోజు విడిచి రోజు చిటికెడు. రెండో వారంలో అమ్మోనియా దిగి నైట్రైట్ లేచింది, అప్పుడు లీటరుకి ఒక గ్రాము లెక్కన ఉప్పు కరిగించి పోశాం, ఉప్పులోని క్లోరైడ్ ఉంటే నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి అంత తేలిగ్గా వెళ్ళదు. నాలుగో వారానికి గొట్టం పసుపు రంగులోనే ఆగిపోయింది. ఆ పసుపు రంగు చూసినంత ఆనందం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా లేదు.

సరే, ఇప్పుడు మీరు చేయాల్సింది. వారానికోసారి పావు నుంచి మూడోవంతు నీళ్ళు, అంతకంటే వద్దు (చేప గుటకలు వేస్తుంటే, టెస్ట్‌లో రంగు మారితే మాత్రం రోజూ మార్చండి). పైపుతో రాళ్ళ మధ్య మురికిని లాగేస్తూ తీయండి. కొత్త నీళ్ళలో డీక్లోరినేటర్ (క్లోరిన్‌ని విరిచేసే మందు) చుక్కలు వేశాకే పోయాలి. బకెట్లో ఒక రోజు నిలవుంచితే చాలు అంటారు, అది మామూలు క్లోరిన్ అయితేనే, కొన్నిచోట్ల నీళ్ళలో క్లోరమైన్ కలుపుతారు, అది వారం ఉంచినా పోదు. చెయ్యి పెట్టి చూసి రెండు నీళ్ళూ ఒకే వేడిలో ఉన్నాయో లేదో చూసుకోండి. స్పాంజ్‌ని నెలకోసారో, ఫిల్టర్ ధార తగ్గినప్పుడో, ట్యాంకులోంచి తీసిన ఆ పాత నీళ్ళలోనే రెండుసార్లు పిండి మళ్ళీ పెట్టేయండి. పిండాక కూడా అది అసహ్యంగానే కనపడాలి.

మేత గురించి ఒక మాట. గోల్డ్‌ఫిష్‌కి జీర్ణాశయమే ఉండదు, నోట్లోంచి నేరుగా పేగే. అందుకే రోజంతా ఏదో ఒకటి ఏరుకుంటూనే ఉంటుంది, మనం అటు వెళ్తే చాలు అద్దానికి అతుక్కుపోయి మూడు రోజులుగా పస్తున్నట్టు చూస్తుంది. ఆ నటన నమ్మకండి. రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి, అదీ రెండు పూటలా, మిగిలింది అడుగున కుళ్ళి మళ్ళీ అమ్మోనియానే. గోల్డ్‌ఫిష్‌కి జ్ఞాపకం మూడు సెకన్లే అని ఎవరో పుట్టించారు కానీ, మా ఒరాండా మేత డబ్బా మూత చప్పుడు గుర్తుపడుతుంది, పక్కన వేరే డబ్బా మూత తీస్తే కదలను కూడా కదలదు.

ఇక ట్యాంకు సైజు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే లెక్కకి 56 లీటర్లు, రాళ్ళూ పైన వదిలే ఖాళీ పోతే నికరంగా 45 ఉంటే గొప్ప. పొట్టిగా గుండ్రంగా ఉండే రకాలైతే రెండు ఎలాగో నెట్టుకొస్తాయి, మూడోది మాత్రం తేవద్దు. సన్నగా పొడవుగా ఉండే మామూలు రకమైతే అది అడుగు పొడవు దాకా పెరిగే చేప, దానికి ఈ ట్యాంకు అస్సలు చాలదు. ట్యాంకుని బట్టి చేప సర్దుకుని పెరుగుతుందంటారే, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సర్దుకోవడం కాదది, పాడైన నీళ్ళలో ఎదుగుదల ఆగిపోవడం. ఇక ఆ గుండ్రటి గాజు గిన్నెలు, ప్రకటనల్లో టేబుల్ మీద పెట్టి చూపిస్తారే, ఫిల్టర్ ఉండదు, గాలి తగిలే పైభాగం అరచేతంత, వాటిని అమ్మేవాళ్ళని ఒక వారం అందులో ఉంచాలి. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్ళు బతికి 1999లో పోయింది, మనమేమో దీన్ని ఆరు నెలల బొమ్మ అనుకుంటున్నాం.

ఎండలు ముదిరితే ట్యాంకు మూత కాస్త తీసి ఉంచండి, నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఇది చల్లటి నీళ్ళ చేప, 20 డిగ్రీల చుట్టుపక్కల హాయిగా ఉంటుంది. ఎయిర్ పంప్ ఉంటే ఆపకండి, నీళ్ళ పైపొర కదులుతూ ఉండాలి.

మందుల గురించి అడిగారు కాబట్టి ఇది కూడా చెప్పేస్తా. ఆ తర్వాతి ఏడాది ఒరాండా మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున తెల్లటి చుక్కలు వచ్చాయి. వైట్ స్పాట్ అనే చుక్కల రోగం అనుకుని మళ్ళీ సీసా కోసం బయల్దేరబోయి, ఎందుకైనా మంచిదని ఫోటో తీసి ఆ స్నేహితుడికి పంపాను. నవ్వి, అది మగచేప, దానికి ఈడొచ్చింది అన్నాడు. వైట్ స్పాట్ అయితే ఉప్పు చల్లినట్టు ఒళ్ళంతా, తోకతో సహా, ఎక్కడపడితే అక్కడ ఉంటుంది, ఇవి మొప్పల మీదా రెక్క అంచునా వరసగా వస్తాయి, కొన్నాళ్ళకి పోతాయి. ఒళ్ళంతా చుక్కలుంటే మాత్రం మందు వేయాల్సిందే, అదీ వేరే డబ్బాలోకి మార్చి, ఫిల్టర్ ఉన్న ట్యాంకులో కాదు.

మొన్న మా అత్తగారు వచ్చారు. నేను స్పాంజ్ తీసి మగ్గులో పెట్టి, పైపు కోసం పక్క గదిలోకి వెళ్ళి వచ్చేసరికి మగ్గు లేదు. ఛీ ఇంత మురికి ఇంట్లో పెట్టుకుంటారా అనుకుంటూ ఆవిడ సబ్బు పట్టుకుని సింక్ దగ్గర నిలబడి ఉన్నారు, కొళాయి అప్పటికే తిప్పేశారు. అత్తయ్యా ఆగండి అని నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు.