ఖాతాలు రెండైనా పరిమితి ఒక్కటే

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటున్నాం. నాది హెచ్-1బి వీసా, వయసు 36. నా భార్య ఇంట్లోనే ఉంటారు. జీతం ఏడాదికి 1,80,000 డాలర్లు, ఆఫీసులో 401(కె) రిటైర్మెంటు ప్లాన్ ఉంది. ఇవి కాక సొంతంగా తెరిచే రిటైర్మెంటు ఖాతాలైన ఐఆర్ఏలలో, 2025కు ట్రెడిషనల్ ఐఆర్ఏలో 7,000, పన్ను కట్టిన సొమ్ము వేసే రోత్ ఐఆర్ఏలో 7,000 డాలర్లు వేశాను. రెండోదాని కోసం 13 శాతం వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకున్నాను. సేవింగ్స్‌లో 4,000 ఉన్నాయి. పరిమితి దాటానని మిత్రుడు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజమేనండీ. అమెరికాలోని మనవాళ్లు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు కనుక మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. 2025కు 50 ఏళ్ల లోపువారికి ఉన్న 7,000 డాలర్ల పరిమితి మనిషికే గానీ ఖాతాకు కాదు. ట్రెడిషనల్, రోత్ రెండూ కలిపి అంతే. పరిమితి దాటిన సొమ్మును అలాగే వదిలేస్తే, అది ఖాతాలో ఉన్నన్నాళ్లూ ఏటా 6 శాతం అదనపు పన్ను పడుతుంది. ట్రెడిషనల్‌లో వేసిన సొమ్మును వెనక్కి తీయండి. ఆఫీసు ప్లాన్ ఉండి, భార్యాభర్తలు కలిపి వేసే జాయింట్ పన్ను రిటర్న్‌లో ఆదాయం 1,46,000 దాటినందువల్ల దానిపై మీకు పన్ను మినహాయింపు ఎలాగూ రాదు. మామూలు విత్‌డ్రాయల్ అనకుండా, అదనపు జమను వెనక్కి ఇమ్మని ఖాతా ఉన్న బ్రోకరేజీ సంస్థను స్పష్టంగా అడగండి. దానిపై వచ్చిన లాభం కూడా బయటకు వస్తుంది, ఆ లాభానికి పన్ను కట్టాలి. రిటర్న్ గడువు దాటకముందే ఇది ముగించండి.

చేతికొచ్చిన 7,000తో ఆ లోన్ ఆ రోజే తీర్చేయండి. ఏటా 13 శాతం ఖాయంగా వడ్డీ కడుతూ, వస్తుందో రాదో తెలియని లాభం కోసం అప్పు సొమ్మును రిటైర్మెంటు ఖాతాలో పెట్టడాన్ని పొదుపు అనరు.

నన్ను అసలు కలవరపెట్టింది ఆ 4,000. ఉద్యోగం పోతే హెచ్-1బి వారికి మరో ఉద్యోగం చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ రోజుల్లో అద్దె, కారు వాయిదా ఆగవు. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమాను కోబ్రా అనే చట్టం కింద కొనసాగించాలంటే మొత్తం ప్రీమియం మీరే కట్టాలి. తిరిగి వెళ్లవలసివస్తే లీజు మధ్యలో వదిలినందుకు జరిమానా, ఇద్దరికీ టికెట్లు కూడా తోడవుతాయి. రోత్‌లో వేసిన అసలును పన్ను లేకుండా ఎప్పుడైనా తీసుకోవచ్చు కదా అని కొందరు వాదిస్తారు. కానీ కంపెనీలు మనుషులను తీసేసే కాలంలోనే తరచుగా మార్కెట్లూ పడతాయి, పైగా ఇప్పుడు తీసినదాన్ని తరవాత నింపాలన్నా అప్పటి ఏటి పరిమితి అడ్డువస్తుంది. అందువల్ల 401(కె)లో కంపెనీ తన వంతుగా కలిపే మ్యాచ్ వచ్చేంత మాత్రమే వేస్తూ, ఆరు నెలల ఖర్చు సేవింగ్స్‌లో చేరేవరకు మరే పెట్టుబడీ తలపెట్టకండి.

మీ భార్యకు సంపాదన లేకపోయినా, జాయింట్ రిటర్న్ వేస్తే మీ జీతం ఆధారంగా ఆమె పేరున ఐఆర్ఏ తెరవవచ్చు. ఇండియా బ్యాంకులో ప్రవాసులు పెట్టుకునే ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీ, హైదరాబాదు ఫ్లాటు అద్దె మాత్రం ఈ లెక్కలో సంపాదన కావు. 2026కు పరిమితి మనిషికి 7,500 డాలర్లు, జమకు గడువు 2027 ఏప్రిల్ 15 వరకు ఉంది. అత్యవసర నిధి పూర్తయ్యాక మిగిలిన దాన్నిబట్టి అప్పుడు చూసుకోవచ్చు.